బెంగళూరు మెస్‌లో వాడేసిన నూనెతో జనరేటర్‌కు బయోడీజిల్

మిలిటరీ మెస్ అయినా ప్రభుత్వ ఆఫీసు క్యాంటీన్ అయినా, పూరీలు వడలు వేగాక మిగిలిన నూనె సింకులో పోస్తే పైపులు పూడుకుపోతాయి, బయట అమ్మితే ఏ బజ్జీల బండికో చేరుతుంది. దాన్నే బయోడీజిల్‌గా, అంటే డీజిల్‌లో కలిపి జనరేటర్‌లో వాడే ఇంధనంగా మార్చుకోవచ్చు. పోలార్ కాంపౌండ్స్ (నూనెను పదేపదే వేడిచేస్తే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటిన నూనెతో వంట చేయకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జులై నుంచే నియమం పెట్టింది. రోజుకు 50 లీటర్లు దాటి వాడేచోట రిజిస్టరు కూడా రాయాలి, బయోడీజిల్ లెక్కకూ అదే పనికొస్తుంది. వారానికి ఒకటీ అరా డబ్బానే వస్తుంటే మాత్రం రియాక్టర్ (బయోడీజిల్ తయారుచేసే మూసిన పాత్ర) జోలికి పోకండి, రూకో (వాడేసిన నూనెను సేకరించే ఎఫ్ఎస్ఎస్ఏఐ కార్యక్రమం) కింద నమోదైన సేకరణదారుకి ఇచ్చేయండి, తలనొప్పి ఉండదు.

అసలు పని వంటింట్లోనే మొదలవుతుంది. వంటవాళ్లకి ఒకటే మాట చెప్పండి: "అన్నా, ఈ డబ్బాలో నీళ్లు పడొద్దు." నీళ్లుంటే బయోడీజిల్ బదులు సబ్బు తయారవుతుంది. నూనెను సన్నటి జాలీలో వడకట్టి, చిటపటలు ఆగేదాకా 100 డిగ్రీలు దాటించి, తర్వాత 55కి చల్లారనివ్వండి.

ఇప్పుడు టైట్రేషన్, అంటే ఈ నూనెకి ఎంత కాస్టిక్ సోడా కావాలో తేల్చే పరీక్ష. 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 మిల్లీలీటరు నూనె, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (రంగు మారి తెలిపే ద్రావణం) కలిపి, లీటరు నీటిలో 1 గ్రాము కాస్టిక్ సోడా కరిగించిన ద్రావణాన్ని చుక్కచుక్కగా వేయండి. గులాబీ రంగు వచ్చి కాసేపు నిలిచిందా, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దానికి 3.5 కలపండి. లీటరు నూనెకి అన్ని గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. లెక్క మరీ పెద్దగా వస్తే ఆ నూనెను పక్కన పెట్టేయడమే మంచిది.

లీటరు నూనెకి 200 మిల్లీలీటర్ల మిథనాల్‌లో ఆ సోడా కరిగించి, నూనెలో పోసి, మూసిన పాత్రలో 55 డిగ్రీల దగ్గర గంటసేపు తిప్పాలి. మిథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనబడదు, కడుపులోకి పోతే చూపు పోతుంది, 65 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. అందుకే గాలాడే చోట, గ్లౌజులు కళ్లద్దాలతో, దగ్గర మంట లేకుండా, నిల్వకు అనుమతులు తీసుకున్నాకే చేయాలి. వంటింటి పక్కన అసలొద్దు.

రాత్రంతా వదిలేస్తే నల్లగా చిక్కగా గ్లిజరిన్ అడుగుకి దిగుతుంది. దాన్ని తీసేసి, పై ద్రవాన్ని నీళ్లతో మెల్లగా కడిగి (మొదటిసారి కుదిపితే తరవాణిలా అయి కూర్చుంటుంది), తేమ పోయేదాకా ఆరబెట్టండి. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో ఈ బయోడీజిల్ 3 మిల్లీలీటర్లు కలిపి చూడండి. అడుగున నూనె చేరితే ఇంకా పూర్తి కాలేదన్నమాట, మళ్లీ రియాక్టర్‌లోకే.

పామాయిల్ నుంచి చేసింది బెంగళూరు డిసెంబరు రాత్రుల్లో గడ్డ కట్టొచ్చు, చెన్నైలో అంత ఇబ్బంది ఉండదు. కాబట్టి డీజిల్‌లో 5 శాతంతో మొదలుపెట్టండి. పాత ట్యాంకుల్లోని మురికిని ఇది కడిగి లాక్కొస్తుంది, మొదటి నెల ఫ్యూయల్ ఫిల్టర్ స్పేర్ ఒకటి జనరేటర్ పక్కనే ఉంచండి.