చైనా సాహిత్య నాణేల సేకరణ – పాఠం 3: నాణెమా, పతకమా?

చైనా ప్రాచీన నవలల పాత్రలతో అమ్మకానికి వచ్చే వెండి బిళ్లలన్నీ నాణేలు కావు. నాణెం విడుదల చేసే అధికారం చైనా కేంద్ర బ్యాంకుదే. మిగతావి ఎంత అందంగా ఉన్నా పతకాలే, వాటికి నాణెం ధర పెట్టకూడదు.

ఈ పాఠానికి నమూనా ‘ష్వేహు జ్వాన్’ అనే ప్రాచీన నవల నాణేల వరస. 108 మంది తిరుగుబాటు వీరుల కథ ఇది. రంగుల వెండి నాణేలు 2009, 2010, 2011లో మూడు విడతలుగా వచ్చాయి. ఒక ఔన్సు నాణెం ముఖవిలువ 10 యువాన్లు, వ్యాసం 40 మి.మీ.

ముందు అక్షరాలు చూడండి. ఒకవైపు దేశం పేరు ఏడు చైనా అక్షరాల్లో, దాంతోపాటు సంవత్సరం ఉండాలి. పాత్ర బొమ్మ ఉన్నవైపు 10 అంకె, పక్కనే యువాన్ అక్షరం: పైన రెండు అడ్డగీతలు, కింద రెండు కాళ్లు, కుడికాలు చివర పైకి వంపు. దేశం పేరూ ముఖవిలువా లేకపోతే అది పతకం, ఇక తూకం దాకా పోనక్కర్లేదు.

ఉంటే తూచండి. వెండి, బంగారాలకు వాడే ఔన్సు (ట్రాయ్ ఔన్సు) అంటే 31.1 గ్రాములు. వంటింటి తూకం పనికిరాదు, 0.01 గ్రాము తేడా చూపేది కావాలి. బరువూ వ్యాసమూ సరిపోయాయని అక్కడితో ఆగవద్దు, అసలు గుట్టు మందంలో ఉంటుంది. వెండి సాంద్రత ఘన సెం.మీ.కు 10.49 గ్రాములు, రాగిది 8.96. రాగి బిళ్లకు వెండి పూత వేసి అదే వ్యాసంలో అదే బరువు తేవాలంటే దాన్ని ఆరోవంతు ఎక్కువ మందంగా చేయక తప్పదు. సగటు మందం వెండికి సుమారు 2.4 మి.మీ. అయితే రాగికి 2.8 అవుతుంది. మందం కొలిచే పరికరం కాలిపర్ అంచునే కొలుస్తుంది, అంచు సగటు కన్నా ఎత్తుగా ఉండవచ్చు. అందుకే అదే వరసలో నికరమైన నాణెంతో పోల్చి చూడండి. ప్లాస్టిక్ కాలిపరే వాడండి, ఇనుపది గీతలు పెడుతుంది.

చివరగా రంగు. 10 రెట్ల భూతద్దంలో ముద్రించిన రంగు, బొమ్మ ఉబ్బెత్తు గీతలు ఒకదానికొకటి సరిపోవాలి. రంగు పక్కకు జరిగి ఉంటే అనుమానించండి.

ఒక్క హెచ్చరిక. పీవీసీ అనే ప్లాస్టిక్ కవర్లలో ఉంచిన నాణెంపై ఆకుపచ్చ జిగురు చేరుతుంది. మామూలు వెండి నాణేన్ని అసిటోన్ అనే ద్రావకంలో ముంచితే అది పోతుంది. రంగుల నాణేన్ని ముంచితే బొమ్మ రంగూ కరిగిపోవచ్చు. చింతపండు, విభూతి అసలే వద్దు, పూజ కుందులను తోమినట్టు తోమితే అద్దంలాంటి మెరుపు తిరిగి రాదు. అంచులు పట్టుకుని, బిగుతైన యాక్రిలిక్ డబ్బీలో పెట్టండి.

వచ్చే పాఠం: ధ్రువపత్రాన్ని నాణెంతో సరిపోల్చడం.