ఫైనల్ ప్రాజెక్టుకి టాపిక్ దొరికిన తీరు: నా అనుభవం

మొదట రాసిచ్చిన టాపిక్ 'పర్యావరణం కోసం డిజైన్'. మా గైడ్ పెన్ను కూడా తియ్యలేదు. "ఎవరికి? ఏ వస్తువు?" అన్నారంతే. తర్వాతి రెండూ అలాగే పోయాయి.

విసుగొచ్చి టాపిక్ వెతకడం మానేశాను. వారం పాటు కంటికి ఇబ్బందిగా అనిపించిందల్లా చిన్న పుస్తకంలో రాశాను. నలభై దాకా వచ్చాయి, సగం చెత్తే. ఒకటి మాత్రం వదల్లేదు. అమ్మ ఫోన్లో ఒక యాప్ బటన్ మీద 'రాష్ట్రం' అనే మాటకి కింది భాగం తెగిపోయి కనిపించింది. ష కింద ట వత్తు, దానికి తోడు క్రావడి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపడా కట్టిన గడిలో ఇవన్నీ ఎక్కడ పడతాయి? వేరే మాటలకైతే పైన గుడికీ చోటు కావాలాయె.

'బటన్లలో తెలుగు వత్తులు తెగకుండా వరుస ఎత్తు ఎంతుండాలి' అని రాసుకెళ్లాను. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు అనే ఫాంట్లు ఉచితంగా దొరికేవే కాబట్టి ఖర్చు లేదు. చదివి చూపించడానికి ఇంట్లో అమ్మ, పక్కింటి పిన్ని ఉండనే ఉన్నారు.

ఈసారి గైడ్ పెన్ను తీశారు. 'బటన్లలో' కింద గీత గీసి, "మెనూలు ముట్టుకోకు" అన్నారు.