ఇంటర్వెల్ వర్కవుట్‌తో రేసు టైమ్‌ను ముందే లెక్కగట్టడం ఎలా?

ట్రాక్ మీద కిలోమీటరు చొప్పున అయిదుసార్లు, మధ్యలో కాస్త ఆగుతూ (ఇదే ఇంటర్వెల్ వర్కవుట్), ఒక్కోటి 5 నిమిషాల్లో పరుగెత్తారనుకోండి. మరి 5 కె (5 కిలోమీటర్ల) రేసు 25 నిమిషాల్లో అయిపోతుందా? మధ్యలో ఎంతసేపు ఆగారో తెలియకుండా ఎవరూ చెప్పలేరు. ఒక్క నిమిషమే ఆగి ఉంటే దాదాపు అవుననే అనవచ్చు. నాలుగు నిమిషాలు ఆగి, నీళ్లు తాగి, కబుర్లు చెప్పుకుని మళ్లీ మొదలుపెట్టి ఉంటే ఆ లెక్క రేసు రోజు నిలబడదు.

వేగం అందుకున్నప్పుడు కండరాల్లో ముందుగా ఖర్చయ్యేది క్రియాటిన్ ఫాస్ఫేట్ నిల్వ. ఆగిన అర నిమిషంలో అందులో సుమారు సగం తిరిగి నిండుతుంది. మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగితే దాదాపు అంతా నిండిపోతుంది. రెస్ట్ ఎంత పెరిగితే ప్రతి రిపీట్‌కూ (ఆగి మళ్లీ పరుగెత్తే ఒక్కో విడతకూ) అంత కొత్త నిల్వ చేతికొస్తుంది. రేసులో అది ఒక్కసారే దొరుకుతుంది. అందుకే ఈ పరీక్షలో పరుగు కంటే రెస్ట్‌నే కచ్చితంగా కొలవాలి.

పరీక్ష: 5 × 1000 మీటర్లు, మధ్యలో 90 సెకన్లు

కనీసం మూడు నెలలుగా వారానికి మూడు నాలుగు రోజులు పరుగెత్తుతున్నవాళ్లకే ఇది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పరుగులో ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. రేసుకు 10-12 రోజుల ముందు పెట్టుకోండి. ముందు రెండు రోజులూ తేలిక పరుగే.

1. 15 నిమిషాలు నెమ్మదిగా జాగ్ చేయండి. తర్వాత 80-100 మీటర్ల స్ట్రైడ్లు (క్రమంగా వేగం పెంచే చిన్న పరుగులు) నాలుగు. వార్మప్ తక్కువైతే మొదటి కిలోమీటరు అనవసరంగా భారమై, సగటు చెడిపోతుంది.

2. 400 మీటర్ల ట్రాక్ మీద మొదటి లేన్‌లోనే పరుగెత్తండి. నాలుగో లేన్‌లో ఒక చుట్టు సుమారు 422 మీటర్లు. రెండున్నర చుట్లకు 50 మీటర్లకు పైగా అదనంగా పరుగెత్తుతారు, వాచ్ మీద 5:00 రావాల్సింది 5:17 వస్తుంది. జీపీఎస్ వాచ్‌లు ట్రాక్ వంపుల్లో తప్పు చూపిస్తాయి కాబట్టి దూరానికి గీతలనే నమ్మండి, వాచ్‌ను టైమ్‌కే వాడండి.

3. కిలోమీటరంటే రెండున్నర చుట్లు. ఫినిష్ గీతకు ఐమూలగా, ట్రాక్ అవతలి వైపు ఉండే 200 మీటర్ల గుర్తు దగ్గర మొదలుపెడితే ఫినిష్ గీత దగ్గర ముగుస్తుంది. రెండోది అక్కణ్నుంచే మొదలై 200 మీటర్ల గుర్తు దగ్గర ఆగుతుంది. ఆగిన చోటే మళ్లీ స్టార్ట్ కాబట్టి రెస్ట్‌లో ఎక్కడికీ నడిచి వెళ్లాల్సిన పని లేదు.

4. గీత దాటిన క్షణంలో ల్యాప్ బటన్ నొక్కండి. 90 సెకన్ల లెక్క అప్పుడే మొదలు. పది అడుగులు అటు, పది అడుగులు ఇటు నడవండి. 80వ సెకను కల్లా గీత వెనక నిలబడాలి, 90కి కదలాలి. షూ లేసు, నీళ్ల సీసా, ఫోను, అన్నీ ముందే చూసుకోండి. రెస్ట్ సాధారణంగా పెరిగేది వీటివల్లే. మూడో రెస్ట్ నుంచి 90 కాస్తా 110 అవుతుంది, మనకు తెలియను కూడా తెలియదు.

5. అయిదింటినీ ఒకే వేగంతో ముగించడం లక్ష్యం. అయిదోది అయ్యాక ఇంకొకటి మహా కష్టం మీద చేయగలను అనిపించాలి. మూడు చేయగలననిపిస్తే తక్కువ శ్రమ పెట్టినట్టు.

రెస్ట్‌లో గుండె వేగం కూడా చూస్తే మంచిది. 1930ల్లో జర్మన్ కోచ్ వోల్డెమార్ గెర్ష్లర్, వైద్యుడు హెర్బర్ట్ రైండెల్ పెట్టుకున్న కొలత ఇదే: నిమిషానికి 180 దాకా వెళ్లిన గుండె వేగం 90 సెకన్లలో 120కి దిగాలి, దిగకపోతే ఆ రోజుకు ఆపేయాలి. రేసు వేగపు కిలోమీటర్ల తర్వాత చాలామందికి అంత కిందికి దిగదు, కంగారు పడకండి. కానీ మొదటి రెస్ట్ చివర 130 ఉన్నది నాలుగో రెస్ట్ చివర 150 ఉంటే మాత్రం మీరు ఎంచుకున్న వేగం ఎక్కువైందనే అర్థం.

లెక్క

టైమ్‌లు 4:58, 5:00, 5:01, 5:01, 5:00 వచ్చాయనుకుందాం. సగటు 5:00. 90 సెకన్ల రెస్ట్ వల్ల కలిసొచ్చినదానికి కిలోమీటరుకు 4 సెకన్లు కలపండి. అంటే 5:04, 5 కె అంచనా 25:20. రెస్ట్ 60 సెకన్లే అయితే ఏమీ కలపనక్కర్లేదు, మూడు నిమిషాలైతే 8-10 సెకన్లు కలపాలి. ఇవి మొదటిసారికి పనికొచ్చే సుమారు అంకెలు మాత్రమే.

పెద్ద దూరాలకు అమెరికన్ ఇంజినీరు పీట్ రీగెల్ 1977లో ఇచ్చిన సూత్రం ఉంది: దూరాల నిష్పత్తిని 1.06 ఘాతానికి పెంచి పాత టైమ్‌తో గుణించడం. దాని ప్రకారం 5 కె టైమ్‌ను 10 కెకు 2.085తో, హాఫ్ మారథాన్‌కు 4.60తో, ఫుల్ మారథాన్‌కు 9.59తో గుణించాలి. మన 25:20కి 10 కె సుమారు 52:50, హాఫ్ 1:56:30, ఫుల్ 4:03 వస్తాయి. 10 కె వరకు దీన్ని బాగానే నమ్మవచ్చు. వారానికి 30 కిలోమీటర్లే పరుగెత్తేవాళ్లకు ఫుల్ అంచనా మాత్రం ఉత్త ఆశే. వాళ్లు 1.10 ఘాతం వేసి చూసుకుంటే అదే ఫుల్ 4:25 దగ్గరికి పోతుంది.

సగటు మోసం చేసే సందర్భం ఒకటుంది. 4:40, 4:52, 5:03, 5:12, 5:20. దీని సగటు కూడా 5:01 చిల్లరే. కానీ ఇది 25 నిమిషాల రన్నరు పరుగు కాదు, మొదట్లోనే చేతులు కాల్చుకున్న పరుగు. మొదటిదానికంటే చివరిది 3 శాతానికి పైగా నెమ్మదిస్తే, అంటే ఈ వేగంలో 9 సెకన్లు, ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోవద్దు. వారం తర్వాత 10 సెకన్లు నెమ్మదిగా మొదలుపెట్టండి. అయిదోదాన్ని మాత్రమే ఊపిరి బిగబట్టి 4:45లో ముగిస్తే దాన్ని వదిలేసి మిగతా నాలుగింటి సగటే తీసుకోండి.

రేసు అయ్యాక అసలు టైమ్‌ను అంచనాతో భాగించండి. 25:20 అనుకుంటే 25:55 వచ్చింది. 1555ను 1520తో భాగిస్తే 1.023. వచ్చేసారి అదే రెస్ట్‌తో అదే పరీక్ష చేసి, అంచనాను 1.023తో గుణించండి. రెండు మూడు రేసులకు ఈ గుణకం కుదురుకుంటుంది. ట్రాక్ చదునుగా ఉంటుంది, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. విశాఖ బీచ్ రోడ్డులో ఉక్కపోతకు చెమట ఆరదు. అందుకే ఒక్కో రేసుకు గుణకం విడిగా రాసుకోండి.

మారథాన్‌కు యాసో 800లు

రన్నర్స్ వరల్డ్ పత్రికలో పనిచేసిన బార్ట్ యాసో పేరుతో ప్రసిద్ధమైన లెక్క ఇది: 800 మీటర్లు పదిసార్లు, ఒక్కోటి ఎంతసేపు పడితే మధ్యలో అంతసేపు జాగ్. 4 నిమిషాల చొప్పున వస్తే మారథాన్ 4 గంటలు. చూడ్డానికి మంత్రంలా ఉంటుంది. కానీ 4 నిమిషాలకు 800 అంటే కిలోమీటరు 5:00, నాలుగు గంటల మారథాన్ వేగం 5:41. రీగెల్ సూత్రంతో వెనక్కి లెక్కిస్తే నాలుగు గంటల రన్నరు 5 కె సరిగ్గా 25 నిమిషాలు, అంటే కిలోమీటరు 5:00. యాసో 800లు కొలిచేది మీ 5 కె సత్తానే. 30 కిలోమీటర్ల తర్వాత కాళ్లు ఏమవుతాయో వాటికి తెలియదు. లాంగ్ రన్లు తక్కువ చేసినవాళ్లు దీనిమీద కనీసం 10 నిమిషాలు కలుపుకోవడం మేలు.

మారథాన్‌కు ఇంతకంటే పనికొచ్చేది, రేసుకు మూడు వారాల ముందు 3 × 5 కిలోమీటర్లు, లక్ష్య వేగంతో. మధ్యలో ఆగకుండా ఒక్కో కిలోమీటరు నిమిషం నెమ్మదిగా పరుగెత్తాలి. మూడో అయిదులో గుండె వేగం మొదటి అయిదు కంటే 10కి పైగా పెరిగితే లక్ష్యాన్ని తగ్గించుకోండి.

పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యేవాళ్లకు

తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో పురుషులకు 1600 మీటర్ల పరుగు 7 నిమిషాల 15 సెకన్లు, అంటే 400కు 1:48 చిల్లర. మైదానాల్లో చాలామంది ఒక 400 పరుగెత్తి, అయిదు నిమిషాలు కూర్చుని, నాలుగూ 1:45లో వచ్చాయని ధీమాగా వెళ్తారు. మూడో రౌండ్‌లో కాళ్లు పట్టేస్తాయి. 4 × 400ను 60 సెకన్ల రెస్ట్‌తో, కూర్చోకుండా చేయండి. నాలుగూ 1:44 దగ్గర వస్తే మొత్తం 6:56, చేతిలో 19 సెకన్లు ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలోని మూడు రెస్ట్‌లు అందులో చాలా భాగం తినేస్తాయి, కాబట్టి రెస్ట్‌ను వారం వారం 60 నుంచి 45కు, 30కి తగ్గిస్తూ అదే 1:44ను నిలబెట్టండి.