కార్డిసెప్స్ పాలిపోయి వస్తోందా? నాకు పనిచేసిన పద్ధతి

సీసాల్లో బ్రౌన్ రైస్ మీద పెంచే కార్డిసెప్స్ మిలిటారిస్ అనే ఔషధ పుట్టగొడుగు నాకు వరుసగా మూడు విడతలు నారింజ రంగు రాకుండా పాలిపోయి, సన్నగా వచ్చింది. ల్యాబ్ పరీక్షలో కార్డిసెపిన్ (ఇందులోని ముఖ్యమైన ఔషధ పదార్థం) కూడా తక్కువే. బియ్యం మార్చాను, పెప్టోన్ (ప్రోటీన్ పోషకం) పెంచాను, ఏసీ ఇంకా తగ్గించాను, ఏదీ కలిసి రాలేదు.

తేడా వెలుతురు దగ్గర దొరికింది. అంతకుముందు మొదటి రోజు నుంచే లైట్లు వేసేవాడిని, అదీ పై అరకే ఎక్కువ పడేది. ఈసారి లిక్విడ్ కల్చర్ (ద్రవంలో పెంచిన పుట్టగొడుగు విత్తనం) వేశాక, తెల్లటి బూజు (పుట్టగొడుగు మొలిచే సన్నటి పోగులు) బియ్యం అడుగుదాకా పాకేవరకు సీసాల్ని పూర్తి చీకట్లో ఉంచాను. ఎనిమిది రోజులు పట్టింది. ఆ తర్వాతే ప్రతి అరకూ విడిగా తెల్ల ఎల్‌ఈడీ పట్టీ బిగించి, టైమర్‌తో 12 గంటలు వెలుతురు, 12 గంటలు చీకటి ఇచ్చాను. వెలుతురు కొలిచే లక్స్ మీటర్ సీసా పక్కనే పెట్టి, ఏ మూల చూసినా 500 నుంచి 800 లక్స్ మధ్య ఉండేలా పట్టీల ఎత్తు సర్దాను. ఇదే అసలు పని, తొందరపడకండి. గది 18–20 డిగ్రీలు. లైట్లు వేసిన నాలుగో రోజుకి బూజు పసుపు తిరిగింది, తర్వాత గట్టి నారింజ మొలకలు! ఎంత సంతోషమేసిందో.

ల్యాబ్‌లో కార్డిసెపిన్ కూడా పెరిగింది. కానీ రంగు కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాలది, కార్డిసెపిన్ వేరు. రంగు చూసి గుణం నిర్ణయించలేం, పరీక్ష చేయించాల్సిందే. పైగా అదే విడతలో మదర్ కల్చర్ (విత్తనం తయారుచేసే మూల కల్చర్) కూడా కొత్తది వాడాను. మళ్లీ మళ్లీ కొత్త మేతలోకి మార్చుతూ వాడిన కల్చర్ నీరసించడం ఈ జాతిలో మామూలే, కాబట్టి ఫలితమంతా వెలుతురుదే అనలేను. పాత కల్చర్‌తో ఇదే లైటింగ్ కింద నాలుగు సీసాలు ఇప్పుడు పెట్టాను.