పాత కోత మిషన్‌ని ఓడెక్కించే ముందు

జూన్ వచ్చిందంటే మా తెనాలి వైపు కోత మిషన్లున్నవాళ్ళ ఫోన్లలో ఫొటోలు తిరగడం మొదలవుతుంది. జపాన్‌లో ఏదో యార్డులో వరసగా నిలబెట్టిన వాడిన చైన్ మిషన్లు (టైర్ల బదులు రబ్బరు చైన్ల మీద నడిచేవి), కింద ధర యెన్లలో. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకున్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. "మనకాడ కొత్తది ఒకటి కొనే డబ్బుతో అక్కడ రెండొస్తాయి కదండీ" అంటారు.

వస్తాయి. ఎప్పటికి వస్తాయి, చివరికి ఎంతకి తేలతాయి అన్నది వేరే లెక్క. ఇద్దరు స్నేహితులతో కలిసి నేనూ ఒకసారి కంటైనర్ తెప్పించాను. అది చెన్నైలో దిగి మా ఊరు చేరేసరికి కోతలు అయిపోయి గట్ల మీద గడ్డివాములు లేచాయి. జాగ్రత్త పడాల్సిందంతా డబ్బు పంపకముందే పడాలని అప్పుడు తెలిసింది. ఓడెక్కాక మన చేతిలో ఉండేది ఫోన్ ఒక్కటే.

ముందు ఏం తెస్తున్నారో తేల్చుకోండి. కోత మిషన్లు, నాటు మిషన్లు, రోటవేటర్లు కస్టమ్స్ టారిఫ్‌లో 84వ అధ్యాయంలో యంత్రాల కింద ఉంటాయి. ఇలాంటి వాడిన యంత్రాలను 2023 విదేశీ వాణిజ్య విధానం ప్రకారం ప్రత్యేక లైసెన్స్ లేకుండా తెచ్చుకోవచ్చు. ట్రాక్టర్ సంగతి వేరు. అది 87వ అధ్యాయంలో కార్లు, లారీల సరసన ఉంటుంది. ఆ అధ్యాయంలో వాడిన వాహనాలకు మూడేళ్ళు దాటకూడదని, ముంబై రేవులోనే దిగాలని షరతులున్నాయి. ఫొటోల్లో ముద్దొచ్చే ఆ బుల్లి ట్రాక్టర్లలో చాలావాటికి మన డిగ్రీ కుర్రాళ్ళంత వయసుంటుంది. వాటి జోలికి పోవద్దనే నా మాట.

కోత మిషన్‌లోనూ రకం చూసుకోవాలి. జపాన్ వాళ్ళవి ఎక్కువగా కంకుల వరకే లోపలికి లాగి, గడ్డిని బయటే ఉంచే రకం. వరికి బాగానే ఉంటుంది, గడ్డి కూడా నలగదు. కానీ మనకి వరి తర్వాత మొక్కజొన్న ఉంది. ఆ మిషన్ మొక్కజొన్నలో దిగదు. అంటే ఏడాదిలో ఒక్క సీజన్ కిరాయి మీదే అప్పు తీరాలి. మేం ఈ లెక్క మిషన్ వచ్చాక వేసుకున్నాం.

కాగితాల్లో మొదటిది దిగుమతి కోడ్, అందరూ ఐఈసీ అంటారు. ఆన్‌లైన్‌లోనే వస్తుంది, ఫీజు 500 రూపాయలు. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య దాన్ని అప్‌డేట్ చేయాలి, మరిచిపోతే కోడ్ పనిచేయదు. డబ్బు బ్యాంకు ద్వారానే, ఆ కోడ్ పేరు మీదే వెళ్ళాలి. "మా మేనల్లుడు అక్కడే ఉన్నాడు, వాడు కట్టేస్తాడు" అనే దారి పట్టొద్దు. తర్వాత ఇన్వాయిస్ ఒకరి పేరున, డబ్బు ఇంకొకరి పేరున తేలి, కస్టమ్స్ వాళ్ళకి జవాబు చెప్పలేక టెన్షన్ పడేది మీరే.

ఇన్వాయిస్‌లో ఉన్న ధరను కస్టమ్స్ వాళ్ళు ఉన్నది ఉన్నట్టు ఒప్పేసుకోరు. పాత యంత్రానికి చార్టర్డ్ ఇంజనీర్ (యంత్రాన్ని చూసి సర్టిఫికెట్ ఇచ్చే గుర్తింపు ఉన్న ఇంజనీర్) రిపోర్ట్ అడుగుతారు. ఏ సంవత్సరం తయారీ, కొత్తగా ఉన్నప్పటి ధర ఎంత, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, ఏం రిపేర్లు చేశారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఎక్కించే దేశంలోనే రిపోర్ట్ తీసుకుంటే మంచిది. లేకపోతే రేవులో ప్యానెల్‌లో ఉన్న ఇంజనీర్ వచ్చి చూడాలి, అప్పటిదాకా పెట్టె కదలదు. మిషన్ ప్లేటు మీద తయారీ సంవత్సరం ఉండకపోవచ్చు. అందుకే అమ్మేవాడి చేత సీరియల్ నంబరుతో పాటు సంవత్సరం కూడా రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఇంజన్ దిమ్మ మీద పొడిచిన నంబరు ఫొటో అడిగి, ఇన్వాయిస్‌లో ఉన్నదానితో అంకె అంకె సరిచూడండి. మాది ఒక అంకె తేడా వచ్చింది. టైపింగ్ తప్పే, కానీ దానికే నాలుగు రోజులు పోయాయి.

డ్యూటీ లెక్క యార్డు ధర మీద కాదు, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద. ఆ పైన ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి కోత, నూర్పిడి యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి అక్కడ కొంత ఊరట.

ఇక అసలు సంగతి మట్టి. మేం దీని గురించి ఆలోచించనే లేదు. అమ్మినాయన "కడిగి పంపాం" అన్నాడు, ఫొటోలో మిషన్ తళతళలాడింది. చెన్నైలో పెట్టె తెరిచాక తనిఖీకి వచ్చినాయన పైపైన చూడలేదు. వంగి, చైన్ రోలర్ల మధ్య టార్చి వేసి, స్క్రూడ్రైవర్‌తో గీకాడు. అరచేతిలో నల్లటి మట్టిపెళ్ళ, అందులో గడ్డి వేళ్ళు. ధాన్యం ట్యాంకు అడుగున, గింజల్ని తోసే మరలాంటి స్క్రూ కింది మూత విప్పితే గుప్పెడు వడ్లు మొలకెత్తి, తెల్లటి మొలకలు ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. నెల రోజులు సముద్రం మీద చెమ్మలో ఉంటే మొలకెత్తవా మరి. ఇక శుభ్రం చేయించడం, మందు పొగ పట్టించడం, మళ్ళీ తనిఖీ, అంతా మా ఖర్చే.

వాళ్ళని తప్పుపట్టలేను. బయటి తెగుళ్ళు, కలుపు మొక్కలు రాకుండా, విదేశీ మట్టిని అనుమతి లేకుండా తేకూడదని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది. వాడిన వాహనాలు, యంత్రాల కోసమే 2017లో ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. మన గట్ల మీద విరగబూసే వయ్యారిభామ ఈ నేల మొక్క కాదు. దిగుమతి గోధుమల్లో కలిసి వచ్చిందని చెబుతారు. 1950ల్లో పుణె దగ్గర కనిపించిన ఆ మొక్కని ఇప్పుడు గుంటూరు జిల్లాలో పీకనివాడు లేడు.

కాబట్టి అమ్మేవాణ్ణి "కడిగావా" అని అడగొద్దు, ఏ మూత విప్పాడో అడగండి. కోత బల్ల, గొలుసులు, నూర్చే డ్రమ్ము కవరు, జల్లెళ్ళు, స్క్రూల అడుగు మూతలు, రేడియేటర్ జాలీ, సీటు కింద, చైన్ రోలర్ల సందులు. ముందు కంప్రెసర్ గాలితో పొడిగా ఊదించాలి, నీళ్ళు ఆ తర్వాతే. ముందే నీళ్ళు కొడితే ఊక, దుమ్ము కలిసి పిండిముద్దలా పట్టేస్తాయి, ఇక అవి ఊడవు. మూతలు విప్పి ఉండగానే వీడియో తీసి పంపమనండి. బాకీ డబ్బు ఆ వీడియో చూశాకే పంపండి.

మిషన్ కింద పెట్టే చెక్కలకీ నియమం ఉంది. 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచినట్టుగానీ, పొగ పట్టించినట్టుగానీ, గోధుమ కంకి గుర్తుతో ముద్ర ఉండాలి. పెట్టెలో ఖాళీ ఉంది కదా అని పాత రబ్బరు చైన్లు, పాత గేర్‌బాక్సులు పడేయించొద్దు. యంత్రానికున్న వెసులుబాటు విడిగా వచ్చే పాత సామాన్లకి లేదు. బాగుచేసిన స్పేర్లయితే 80 శాతం ఆయుష్షు మిగిలుందని చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్ కావాలి. డీజిల్ తీయించడం, బ్యాటరీ వైర్లు విప్పించడం వాళ్ళకి అలవాటైన పనే, అయినా ఒకసారి గుర్తు చేయండి.

సమయం దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. మనకి నవంబరు చివర్లో మిషన్ పొలంలో ఉండాలంటే, అక్టోబరు మొదట్లో రిపేర్లకి ఆటోనగర్‌లో ఉండాలి. అంటే ఆగస్టులో ఓడెక్కాలి. దసరాకి ఎక్కిస్తానంటే ఆ ఏడాదికి వద్దనేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను ముందు చెన్నైని ముంచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. రేవులో ఉన్న మిషన్, కోతకొచ్చిన చేను, రెండూ ఒకే తుపానుకి చిక్కుతాయి.

పెట్టె రేవులో కూర్చున్నకొద్దీ అద్దె నడుస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే సరుకు వివరాలతో కస్టమ్స్‌కి ఇచ్చే పత్రం, ఓడ వచ్చే ముందురోజుకల్లా పడాలి. ఆలస్యమైతే మొదటి మూడు రోజులు రోజుకి 5,000, ఆ తర్వాత రోజుకి 10,000 రూపాయలు. 30 రోజుల్లో విడిపించుకోకపోతే నోటీసిచ్చి వేలం వేసే అధికారం కూడా కస్టమ్స్‌కి ఉంది. కస్టమ్స్ పని చూసిపెట్టే బ్రోకర్‌ని డబ్బు పంపకముందే మాట్లాడుకోండి, కాగితాల నకళ్ళు ఓడ కదలకముందే ఆయనకి చూపించండి. మా బ్రోకర్‌కి మేం ఓడ దిగాక ఫోన్ చేశాం. "ఇప్పుడా చెప్పేది బాబాయ్" అన్నాడు, పాపం.

ఊరికొచ్చాక మిషన్ రోడ్డెక్కాలంటే రిజిస్ట్రేషన్ కావాలి. దిగుమతి మిషన్‌కి ఏమేం అడుగుతారో ఆర్టీఓ ఆఫీసులో ముందే కనుక్కోండి. సబ్సిడీ మీద ఆశ పెట్టుకోవద్దు, అది కొత్తవాటికి.

ఆటోనగర్‌లో బుష్షులు, షాఫ్టులు, బేరింగులు ఏవైనా చేసిపెడతారు. మా మేస్త్రి విప్పిన ప్రతి బెల్టు నంబరునీ తెల్ల పెయింటుతో కవరు లోపలివైపు రాశాడు. మీరూ అది చేయించండి, రాత్రి పొలంలో బెల్టు తెగినప్పుడు దాని విలువ తెలుస్తుంది. సెన్సర్లు, కంప్యూటర్ బోర్డుల దగ్గర మాత్రం ఆయన చేతులెత్తేశాడు. అవి ఉన్న మోడల్ కొనేముందు స్పేర్ ఎక్కడ దొరుకుతుందో తేల్చుకోండి.

మీటల మీద రాతంతా జపనీస్‌లో ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి అనువాదం చూసుకుని, ఒక్కోదాని కింద తెలుగులో స్టిక్కర్ అంటించండి, డ్రైవర్ ఎక్కకముందే. మా దాంట్లో ఎడమవైపు పసుపు మీట మీద అక్షరాలు చెరిగిపోయి ఏం రాసుందో తెలియలేదు. రెండు సీజన్లయింది, మా డ్రైవర్ ఇప్పటికీ దాన్ని ముట్టుకోడు.