ఎలక్ట్రిక్ గిటార్‌లో కోరుకున్న టోన్ రానప్పుడు: లోపాన్ని వెతికి సరిచేసే విధానం

ఎలక్ట్రిక్ గిటార్ టోన్ నచ్చనప్పుడు చాలామంది ముందుగా చేసే పని మరో గిటార్ కోసం వెతకడం. వాయించే చేతి నుంచి తీగకు, తీగ నుంచి దాని కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పికప్‌కు, అక్కడి నుంచి నాబ్‌లు, కేబుల్, పెడళ్లు, యాంప్‌ల మీదుగా స్పీకర్ దాకా సిగ్నల్ ప్రయాణిస్తుంది గనుక, ఆ దారిలో ఏ ఒక్క చోట లోపం ఉన్నా నింద గిటార్ మీదే పడుతుంది. కొత్త గిటార్‌ను అదే కేబుల్‌తో అదే యాంప్‌కు కలిపితే పాత ఫిర్యాదే మళ్లీ వినిపిస్తుంది. అందువల్ల ఏ గిటార్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు ముందు, ఇప్పుడున్న ఏర్పాటులో లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి.

పరీక్ష మొదలుపెట్టేటప్పుడు పెడళ్లన్నీ తీసివేసి, నమ్మకమైన పొట్టి కేబుల్‌తో గిటార్‌ను నేరుగా యాంప్‌కు కలపండి. గిటార్ మీది వాల్యూమ్, టోన్ నాబ్‌లను పూర్తిగా తెరిచి, యాంప్‌లో బేస్, మిడ్, ట్రెబుల్‌లను సగంలో ఉంచి, డిస్టార్షన్ లేకుండా వినండి. తీగలు తుప్పుపట్టినా, మెరుపు పోయినా ముందు వాటిని మార్చండి. పాత తీగలతో చేసిన ఏ పరీక్షా సరైన ఫలితం ఇవ్వదు. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో తీగలు త్వరగా చెడిపోతాయి కాబట్టి వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవడం మేలు. ఆ తర్వాత ఒకసారికి ఒక్క మార్పే చేస్తూ వినాలి.

సమస్య: ధ్వని మొద్దుబారి, దుప్పటి కప్పినట్టు వినిపిస్తోంది

తీగలు కొత్తవే అయినప్పటికీ ఇలా వినిపిస్తుంటే, గిటార్‌ను దేనికి కలిపారో చూడండి. మన ప్రాంతంలో చర్చిల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ గిటార్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు కలిపే అలవాటు ఉంది. బ్యాటరీ అవసరం లేని మామూలు పికప్ నుంచి వచ్చే సిగ్నల్‌కు ఇంపిడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం) ఎక్కువ. దాన్ని అందుకోవడానికి గిటార్ యాంప్ ఇన్‌పుట్‌ను సాధారణంగా 1 మెగాఓమ్ దగ్గర ఉంచుతారు. లైన్ ఇన్‌పుట్ ఇంపిడెన్స్ దానికంటే ఎన్నో రెట్లు తక్కువగా ఉంటుంది కాబట్టి పికప్ మీద భారం పడి ట్రెబుల్ అణగిపోతుంది. మిక్సర్‌లో ట్రెబుల్ పెంచితే మెరుపు తిరిగి రాదు, హిస్ శబ్దం మాత్రం పెరుగుతుంది. దీనికి పరిష్కారం డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు అనువుగా మార్చే పెట్టె) వాడడం, ఆడియో ఇంటర్‌ఫేస్ అయితే అందులోని ఇన్‌స్ట్రుమెంట్ బటన్ నొక్కడం, లేదా బఫర్ (సిగ్నల్‌ను బలహీనపడకుండా ముందుకు పంపే సర్క్యూట్) ఉన్న పెడల్‌ను మధ్యలో పెట్టడం. బాస్ (Boss) కంపెనీ చిన్న పెడళ్లలో చాలావాటికి ఈ బఫర్ ఉంటుంది. ఎఫెక్ట్ ఆపివేసినా అది పనిచేస్తూనే ఉంటుంది.

కేబుల్ పొడవు రెండో కారణం. మామూలు గిటార్ కేబుల్‌కు మీటరుకు సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది గనుక, 10 మీటర్ల కేబుల్ వాడితే 3 మీటర్ల దానితో పోల్చినప్పుడు ట్రెబుల్ స్పష్టంగా తగ్గుతుంది. వేదిక మీద పొడవు తప్పదంటే గిటార్‌కు దగ్గరగా బఫర్ ఉంచాలి. మూడో కారణం రిపేరులో జరిగే పొరపాటు. హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) గిటార్లలో సాధారణంగా 500 కిలోఓమ్ పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే నియంత్రణ భాగాలు), సింగిల్ కాయిల్ (ఒకే కాయిల్ ఉన్న పికప్) గిటార్లలో 250 కిలోఓమ్ పాట్‌లు వాడతారు. పాట్ మార్చినప్పుడు హంబకర్‌కు 250 బిగిస్తే పదును తగ్గుతుంది.

సమస్య: తీగలు మీటకపోయినా స్పీకర్‌లో రొద వస్తోంది

గిటార్ వాల్యూమ్‌ను సున్నాకు తగ్గించండి. రొద అలాగే ఉంటే అది కేబుల్, యాంప్ లేదా ఇంటి కరెంటు నుంచి వస్తోంది. ఆగిపోతే గిటార్ నుంచి వస్తోంది. గిటార్ నుంచే అయితే, వాల్యూమ్ మళ్లీ పెంచి, కూర్చున్న చోటనే గిటార్‌ను నెమ్మదిగా పక్కకు తిప్పండి. దిశను బట్టి రొద పెరిగి తగ్గుతుంటే, చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్లు, కరెంటు తీగల అయస్కాంత క్షేత్రాన్ని సింగిల్ కాయిల్ పికప్ పట్టుకుంటోందని అర్థం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ శ్రుతీ దాని గుణిజాలూ వినిపిస్తాయి. ఇది ఆ పికప్ నిర్మాణంలోనే ఉన్న గుణం. రెండు కాయిళ్లను జతచేసి ఈ రొదను రద్దు చేసే హంబకర్‌కు గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ 1955లో పేటెంట్ దరఖాస్తు చేసింది ఈ ఇబ్బందిని తీర్చడానికే. స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లలో మధ్య పికప్‌ను వ్యతిరేక దిశలో చుట్టి ఉంటే, అయిదు స్థానాల స్విచ్‌లో 2, 4 స్థానాల్లో రొద చాలావరకు పోతుంది.

తీగలను తాకగానే రొద తగ్గితే అది వేరే రకం. దానికి గిటార్ లోపలి గుంటల్లో రాగి రేకు అంటించి గ్రౌండ్‌కు కలిపితే ఉపశమనం దొరుకుతుంది. మొదటి రకం రొద మీద మాత్రం రాగి రేకు పనిచేయదు. తాకినప్పుడు రొద పెరిగితే జాక్ దగ్గర వైర్లు తారుమారయ్యాయేమో, బ్రిడ్జి (గిటార్ బాడీ మీద తీగలు ఆనే భాగం) గ్రౌండ్ వైరు ఊడిందేమో రిపేరు చేసేవారికి చూపించాలి.

ఇక్కడ ప్రాణానికి సంబంధించిన హెచ్చరిక ఒకటి ఉంది. గిటార్ తీగలు కేబుల్ ద్వారా యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఎర్త్ లేని సాకెట్‌లోనో, మూడో పిన్ను తప్పించే అడాప్టర్‌తోనో యాంప్‌ను నడుపుతున్నప్పుడు లోపల ఇన్సులేషన్ లోపం ఉంటే, తీగలు పట్టుకున్న మనిషి పెదవి మైకుకు తగలగానే తీవ్రమైన షాక్ కొట్టవచ్చు. రొద తగ్గుతుందని ఎర్త్ పిన్ను విరిచే అలవాటును ఎవరు సలహా ఇచ్చినా తిరస్కరించండి. వేదిక మీద చిన్నగా జిల్లుమన్నా వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించాలి.

సమస్య: డిస్టార్షన్ పెట్టగానే ధ్వని జరజరమంటోంది

డిస్టార్షన్ పెడల్‌ను హెడ్‌ఫోన్స్‌కు గానీ పీఏ (సభకు వినిపించే) స్పీకర్లకు గానీ కలిపినప్పుడు ఇది దాదాపు తప్పదు. గిటార్ స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటిన ధ్వనిని బాగా తగ్గించి వినిపిస్తుంది. పీఏ స్పీకర్లు ఆ పైనున్న జరజరనంతా బయటపెడతాయి. గిటార్ స్పీకర్ పెట్టె ధ్వనిని అనుకరించే క్యాబినెట్ సిమ్యులేషన్ ఉన్న పెడల్ గానీ సాఫ్ట్‌వేర్ గానీ చివర ఉంచితే సరిపోతుంది. యాంప్ ద్వారానే వాయిస్తున్నా ఇలా ఉంటే గెయిన్‌ను (డిస్టార్షన్ మోతాదును) సగానికి తగ్గించి, మీటే చేతి బలం పెంచండి.

సమస్య: ఇంట్లో అద్భుతంగా ఉన్న టోన్ బ్యాండ్‌లో వినపడడం లేదు

తక్కువ శబ్దంలో మన చెవి బేస్‌ను సరిగా పట్టుకోదు. అందుకే ఇంట్లో బేస్, ట్రెబుల్ పెంచి, మిడ్ తగ్గించిన సెట్టింగ్ నిండుగా అనిపిస్తుంది. వేదిక మీద వాల్యూమ్ పెరిగాక ఆ బేస్ ఉబ్బిపోయి బేస్ గిటార్‌తోనూ కిక్ డ్రమ్‌తోనూ, ట్రెబుల్ తాళాలతోనూ కలిసిపోతుంది. గిటార్‌ను ప్రత్యేకంగా వినిపించే మిడ్ అప్పటికే తగ్గించి ఉంటారు. ఒంటరిగా వింటే కొంచెం ముక్కుతో పలికినట్టున్న టోనే బ్యాండ్‌లో చక్కగా నిలుస్తుంది. కాబట్టి సెట్టింగ్‌ను బ్యాండ్ వాయిస్తుండగానే నిర్ణయించాలి.

సమస్య: ట్యూనర్ సరిగ్గా చూపినా కార్డ్‌లు (ఒకేసారి మీటే స్వరాల గుంపులు) అపశ్రుతి పలుకుతున్నాయి

12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్‌ను (తీగను నొక్కకుండా తేలిగ్గా తాకి పలికించే స్వరాన్ని), అదే ఫ్రెట్ నొక్కిన స్వరాన్ని ట్యూనర్‌తో పోల్చండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి దూరంగా, తగ్గుగా ఉంటే నట్ వైపుకు జరపాలి. మొదటి రెండు ఫ్రెట్లలోనే తేడా ఉంటే నట్ గాడి మరీ ఎత్తుగా ఉందని భావించవచ్చు. దాన్ని అరగదీయడం సెటప్ చేసేవారి పని. పై ఫ్రెట్లలో లావు తీగలు ఒకే స్వరంలో రెండు శ్రుతులు ఊగుతున్నట్టు పలికితే పికప్ అయస్కాంతం తీగను లాగుతోంది, పికప్‌ను కిందికి దించాలి. చివరి ఫ్రెట్ నొక్కి కొలిచినప్పుడు సింగిల్ కాయిల్‌కూ లావు తీగకూ మధ్య 2 మిల్లీమీటర్లు ఉండడం మంచి ఆరంభం.

సమస్య: ఫ్రెట్‌ల మీద తీగ గరగరమంటోంది, స్వరం త్వరగా ఆరిపోతోంది

మొదటి, చివరి ఫ్రెట్‌లు ఒకేసారి నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర తీగ కింది సందును చూడండి. అది సుమారు 0.25 మిల్లీమీటరు ఉండాలి. సందు అసలు లేకపోతే ట్రస్ రాడ్‌ను (మెడ లోపలి లోహపు కడ్డీని) కొద్దిగా వదులు చేయాలి. పావు చుట్టుకు మించి ఒకేసారి తిప్పకూడదు. వాతావరణం మారినప్పుడు మెడ కదలడం సహజం గనుక ఏడాదికి రెండుసార్లు ఈ పరీక్ష చేసుకోవాలి.

గమకాలు పలికించాలనుకునేవారికి స్వరం నిలవడం మరీ ముఖ్యం. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించారు. గిటార్ మీద ఆ మార్గంలో వెళ్లేవారు మరీ కిందికి దించిన తీగలను వాడకూడదు. తీగను పక్కకు లాగినప్పుడు అది పై ఫ్రెట్‌కు తగిలి స్వరం తెగిపోతుంది.

గిటార్‌నే మార్చవలసిన సందర్భాలు

పై పరీక్షల తర్వాత కూడా కొన్ని ఫిర్యాదులు మిగులుతాయి. మెడ మెలితిరిగినా, ట్రస్ రాడ్ పనిచేయకపోయినా చౌక గిటార్ మీద మరమ్మతు ఖర్చు దండగ. ఎక్కువ గెయిన్‌తో వాయించేవారికి రొద భరించరానిదైతే హంబకర్ గిటార్ తీసుకోవాలి. తీగలు వేళ్లకు మరీ బిగువుగా ఉంటే, 25.5 అంగుళాల ఫెండర్ తరహా స్కేల్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) కంటే 24.75 అంగుళాల గిబ్సన్ తరహా స్కేల్‌లో అదే తీగ, అదే శ్రుతికి వదులుగా ఉంటుంది. పాటపాటకూ ట్యూనింగ్ మార్చేవారు తేలియాడే ట్రెమెలో బ్రిడ్జికి (స్ప్రింగుల బలంతో నిలిచి కదిలే బ్రిడ్జికి) దూరంగా ఉండాలి. ఒకే కచేరీలో సినిమా పాటలు, ఆరాధన గీతాలు, రాక్ అన్నీ వాయించేవారికి, బ్రిడ్జి దగ్గర హంబకర్, మిగతా రెండు చోట్ల సింగిల్ కాయిల్ ఉన్న గిటార్‌ను నేను ముందుగా సూచిస్తాను.

దుకాణానికి వెళ్లేటప్పుడు వీలైతే మీ యాంప్‌ను, మీ కేబుల్‌ను వెంట తీసుకెళ్లండి. ప్రతి తీగను ప్రతి ఫ్రెట్ మీదా వాయించి, మెడను హెడ్‌స్టాక్ వైపు నుంచి చూసి, నాబ్‌లు తిప్పుతూ కరకర వస్తుందేమో విని, ఆ తర్వాతే ధర మాట్లాడండి.