మెమరీ ఉంది, సీపీయూ ఖాళీ, అయినా సర్వర్ బిగుసుకుపోతోంది

సమస్య: బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చిన్న ఆఫీసుల్లో తరచూ కనిపించేదే. 64 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్కులున్న లైనక్స్ సర్వర్. రాత్రి బ్యాకప్ మొదలైన కాసేపటికి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) కొట్టిన అక్షరం కూడా తెర మీదకి రాదు. రెండు మూడు నిమిషాలకు దానంతటదే తేరుకుంటుంది. లాగ్ చూస్తే ఫలానా టాస్క్ 120 సెకన్లకు పైగా ఆగిపోయిందని ఉంటుంది.

ముందు మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్‌లో 'ఫ్రీ' కాలమ్ చూసి కంగారు పడకండి. చూడాల్సింది 'అవైలబుల్'. డిస్కులోని ఫైళ్లని ర్యామ్‌లో దాచుకునేది క్యాష్, ఖాళీ ర్యామ్‌ని నింపడమే దాని పని. క్యాష్‌ని ఖాళీ చేయించడానికి గంటకోసారి డ్రాప్_క్యాషెస్‌కి 3 రాసే క్రాన్ జాబ్ (వేళకి దానంతటదే నడిచే పని) ఎవరైనా పెట్టి ఉంటే తీసేయండి. అది డిస్కుకి ఇంకా రాయని డర్టీ పేజీల్ని ముట్టుకోదు, పనికొచ్చే క్లీన్ పేజీల్ని మాత్రం పారేస్తుంది. వాటిని మళ్ళీ చదివే భారం అదే డిస్కు మీద.

కారణం: బ్యాకప్ నడుస్తుండగా /ప్రాక్/మెమ్‌ఇన్ఫోలో 'డర్టీ' (డిస్కుకి రాయాల్సింది), 'రైట్‌బ్యాక్' (ఇప్పుడు రాస్తున్నది) వరసల్ని సెకనుకోసారి చూడండి. డర్టీ గిగాబైట్లలోకి పాకి, రైట్‌బ్యాక్ పెరగ్గానే సర్వర్ ఆగితే దొంగ దొరికినట్టే. డర్టీ ఎంత దాకా పోగవ్వొచ్చో చెప్పే హద్దు వీఎం.డర్టీ_రేషియో, దాని డిఫాల్ట్ 20 శాతం. వెనకాల రాత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే బ్యాక్‌గ్రౌండ్ హద్దుది 10. ఇది మొత్తం ర్యామ్‌లో కాదు, వాడుకోగలిగిన మెమరీలో. అది 50 జీబీ ఉంటే 10 జీబీ దాకా డర్టీ పోగవుతుంది. సెకనుకు 100 ఎంబీ రాసే డిస్కుకి అది 100 సెకన్ల పని, చిన్న చిన్న ఫైళ్లయితే ఇంకా ఎక్కువ. డేటాబేస్ కమిట్ కూడా ఆ వరసలోనే నిలబడాలి.

పరిష్కారం: శాతాలు వదిలి బైట్లలో చెప్పండి. /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డి కింద ఒక ఫైల్ పెట్టి ఇవి రాయండి:

వీఎం.డర్టీ_బ్యాక్‌గ్రౌండ్_బైట్స్ = 268435456
వీఎం.డర్టీ_బైట్స్ = 1073741824

తర్వాత సిస్‌సీటీఎల్ --సిస్టమ్ నడిపితే చాలు, రీబూట్ అక్కర్లేదు. రేషియోలు సున్నా అయినట్టు కనిపిస్తాయి. బైట్లు పెడితే అంతే, రెండూ కలిసి పనిచేయవు. 256 ఎంబీ దాటగానే వెనకాల రాత మొదలవుతుంది. రాసే ప్రోగ్రాముల్ని నెమ్మదింపజేయడానికి కెర్నల్ 1 జీబీ దాకా ఆగదు, రెండు హద్దుల మధ్య, దాదాపు 640 ఎంబీ దగ్గరే పట్టుకుంటుంది. బ్యాకప్ మొదట్లో కనిపించే వేగం పడిపోతుంది. అది ర్యామ్ వేగమేగానీ డిస్కుది కాదు, బెంగపడకండి. ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన ఎస్‌ఎస్‌డీ) అయితే ఈ అంకెలు నాలుగింతలు చేసినా ఫరవాలేదు.

కరెంటు పోయి, జెనరేటర్ అందుకునే లోపు యూపీఎస్ చేతులెత్తేస్తే డర్టీలో ఉన్నదంతా పోతుంది. హద్దు తగ్గితే ఆ నష్టమూ తగ్గుతుంది.

ఫైళ్ల పేర్లు, వివరాల క్యాష్‌ని కెర్నల్ ఎంత గట్టిగా ఖాళీ చేయాలో చెప్పే వీఎఫ్‌ఎస్_క్యాష్_ప్రెషర్‌ని 100 దగ్గరే ఉంచండి. సున్నా పెడితే ఆ డెంట్రీ, ఐనోడ్ క్యాష్ పట్టిన మెమరీ వెనక్కి రాదు, చివరికి మెమరీ చాలక ప్రోగ్రాముల్ని చంపే ఓఓఎం కిల్లర్ దిగుతుంది.

ఇన్ని చేసినా ఆగుతుంటే ఐఓస్టాట్ -ఎక్స్ 1 లో రైట్ అవెయిట్ (ఒక్కో రాతకి సగటున పట్టే సమయం) చూడండి. అది వందల మిల్లీసెకన్లలోనే ఉంటే రెయిడ్ కార్డు (డిస్కుల్ని కలిపి నడిపే కార్డు) ఉంటే దాని బ్యాటరీని అనుమానించాలి. బ్యాటరీ చచ్చిపోతే చాలా కార్డులు చెప్పాపెట్టకుండా రైట్-త్రూకి, అంటే తమ క్యాష్‌లో దాచుకోకుండా ప్రతి రాతనీ నేరుగా డిస్కుకే పంపే పద్ధతికి, మారిపోతాయి. అప్పుడు మార్చాల్సింది బ్యాటరీని, సెట్టింగుల్ని కాదు.